మా నూతి నీళ్ళతో వేసవిలో పప్పు ఎందుకు ఉడకదు?

మెరకవీధి (మలికిపురం మండలం), మే 4

మాది కోనసీమలో మలికిపురం దగ్గర ఒక ఊరు. సముద్రం మా ఇంటికి దక్షిణాన 8 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పెరట్లో తాతగారి కాలం నాటి ఒరల నుయ్యి ఉంది. లోతు 18 అడుగులు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) వరి పంటలు నడుస్తున్నన్నాళ్ళూ ఆ నీళ్ళకు వంక పెట్టడానికి ఉండదు. ఏప్రిల్ మధ్యలో కాలువలకు నీళ్ళు ఆపి కట్టేస్తారు. ఆ తరువాత రెండు మూడు వారాలు గడిచేసరికి, నోటికి ఉప్పదనం ఇంకా తగలక ముందే, ఆ నీళ్ళతో కందిపప్పు ఉడకడం మానేస్తుంది. ఎన్ని విజిల్స్ వేయించినా బద్ద బద్దగానే ఉంటుంది. "పప్పు ఉడకలేదంటే కాలువ కట్టేశారన్న మాటే" అని మా అమ్మ ఏటా అంటుంది. మరో పది రోజులకు నీళ్ళు నిజంగానే ఉప్పబడతాయి.

లోతుగా వెళితే మంచినీళ్ళు పడతాయని నమ్మి నాలుగేళ్ళ క్రితం 110 అడుగుల బోరు వేయించాను. మొదటి రోజు నుంచీ ఉప్పే. ఇంతకంటే వింత ఏమిటంటే, మాకు 60 గజాల దూరంలో ఉన్న మామ్మగారి నుయ్యి మా దానికంటే లోతు తక్కువ, అయినా మే నెలాఖరు దాకా తియ్యగానే ఉంటుంది. లోతు తక్కువ నూతిలో తీపి, లోతైన బోరులో ఉప్పు, మధ్యస్థంగా ఉన్న నూతిలో కొన్నాళ్ళు అదీ కొన్నాళ్ళు ఇదీ. దీనికి కారణం తెలిసినవారు చెప్పగలరా? నాకు కావలసింది వాస్తు కాదు, శాస్త్రం.

తాటాకు పందిరి (భీమవరం), మే 4

కారణం రొయ్యల చెరువులు తప్ప మరొకటి కాదు. మా చేను పక్కన ఒకాయన ఉప్పునీటి బోరు వేసి చెరువు నింపాడు. రెండేళ్ళలో మా గట్టు మీది కొబ్బరి మొక్కలు ఆకు కొసల నుంచి మాడిపోయాయి, ఆ వైపు మడిలో వరి పొట్టిగా నిలిచిపోయింది. మీ ఊళ్ళో చెరువులు ఎంత దూరంలో ఉన్నాయో ముందు చూసుకోండి.

మెరకవీధి, మే 5

మాకు దగ్గరలో ఉన్న చెరువు కిలోమీటరున్నర దూరంలో ఉంది. పైగా, మా అమ్మ కాపురానికి వచ్చింది 1974లో. అప్పుడు మా చుట్టుపక్కల రొయ్యల చెరువన్నది లేదు. పప్పు అప్పుడూ మేలో ఉడికేది కాదట.

కాలువ గట్టు (అమలాపురం), మే 5

నేను నీటిపారుదల పనుల్లో ముప్పై ఏళ్ళు గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. తాటాకు పందిరి గారి చేనుకు జరిగిన నష్టం నిజమే కావచ్చును గాని, మెరకవీధి గారి నూతి కథ అంతకంటే పాతది. నేను గమనించినంత వరకు చెబుతాను.

డెల్టా భూములు పళ్ళెంలా చదునుగా కనిపిస్తాయి గాని, నిజానికి అలా ఉండవు. గోదావరి పాయలు, వాటి పాత పాయలు వరద వచ్చినప్పుడల్లా తమ ఒడ్డుల మీద ఒండ్రు పోసుకుంటూ పోయాయి. అందువల్ల ఏటి ఒడ్డు మెరకగానూ, ఏటికి దూరమైన నేల పల్లంగానూ తయారైంది. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసినప్పుడు, ఆ తరువాత కాలువలు తవ్వినప్పుడు, ఈ మెరకలనే పట్టుకుని తవ్వించారు. కాలువ ఎత్తున పోతేనే గదా రెండు వైపులా పొలాలకు దానంతట అదే నీరు దిగేది. మురుగు కాలువలు దీనికి తారుమారుగా పల్లాల వెంట పోతాయి. మన కౌశిక డ్రెయిన్లు అటువంటివే.

దీని ఫలితం ఏమిటో చూడండి. సార్వా నారుమళ్ళ నుంచి దాళ్వా కోతల దాకా, ఏడాదిలో తొమ్మిది పది నెలలు, ఊరికి ఎగువన కాలువలో నీరు, ఊరి చుట్టూ మడుల్లో నీరు. ఇదంతా కొద్దికొద్దిగా భూమిలోకి ఇంకుతూనే ఉంటుంది. మీ పెరటి నూతిలో ఆ రోజుల్లో నీరు ఎంత పైన ఉంటుందో, ఇప్పుడు ఎంత కింద ఉందో తాడు వేసి కొలిచి చెప్పగలరా? సమాధానంలో సగం అందులోనే ఉన్నదని నా అనుమానం.

మెరకవీధి, మే 5

ఇప్పుడే కొలిచాను. నేల మట్టం నుంచి నీటికి 11 అడుగులు. దాళ్వా రోజుల్లో నాలుగు అడుగుల్లో చేతికి అందేటట్టు ఉంటుంది; ఒరల మీద పాచి గీత అక్కడే ఉంది.

ఒప్పుకోను (కాకినాడ), మే 6

నీరు తగ్గడం వేరు, ఉప్పగా మారడం వేరు. ఎండాకాలంలో నూతుల్లో నీరు తగ్గడం తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఉన్నదే, అక్కడ తగ్గిన నీరు ఉప్పు కావడం లేదు. సముద్రం 8 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు మూడు వారాల్లో ఆ ఉప్పు ఇసుకలోంచి పాకుతూ మీ పెరట్లోకి ఎలా వస్తుంది? భూగర్భ జలం రోజుకు అడుగో రెండడుగులో కదిలితే గొప్ప. లెక్క కుదరడం లేదు.

పాత బల్ల (రామచంద్రపురం), మే 6

ఒప్పుకోను గారి లెక్క సరైనదే, కాని ప్రశ్నలోనే చిన్న పొరపాటు ఉన్నది. ఉప్పు నీరు పక్క నుంచి రానక్కరలేదు. అది ఎప్పుడూ అక్కడే, మీ నూతి అడుగున, ఉన్నది. మూడు వారాల్లో అది ప్రయాణం చేయవలసింది 8 కిలోమీటర్లు కాదు, కొద్ది అడుగులు, అదీ నిలువునా.

సముద్రపు నీరు మంచినీటి కంటే బరువు. లీటరు మంచినీరు 1000 గ్రాములైతే లీటరు సముద్రపు నీరు సుమారు 1025 గ్రాములు. తీర ప్రాంతపు ఇసుకలో ఇంకిన వాన నీరు, కాలువ నీరు, ఈ బరువైన ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలబడాలంటే, దాని కింద ఎంత మంచినీరు ఉండాలో లెక్క కడదాం. 41 మీటర్ల మంచినీటి స్తంభం ఎత్తును 1.000 తో గుణిస్తే 41. 40 మీటర్ల ఉప్పునీటి స్తంభం ఎత్తును 1.025 తో గుణిస్తే అదీ 41. అంటే పైన ఒక మీటరు కనిపిస్తే, సముద్ర మట్టం కింద 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. ఈ సంగతిని 1828లో అమెరికాలో జోసెఫ్ డ్యుకామన్ రాశాడు గాని ఎవరూ పట్టించుకోలేదు. 1880ల చివర హాలండ్‌లో బాడన్ గైబెన్, 1901లో జర్మనీలో నార్డర్నై అనే దీవి నూతులను పరిశీలించిన హెర్జ్‌బెర్గ్ మళ్ళీ విడివిడిగా కనిపెట్టారు. సూత్రానికి వారిద్దరి పేర్లే నిలిచాయి.

ఇప్పుడు ఇదే లెక్కను తిరగేయండి. పైన నీటి మట్టం ఒక అడుగు దిగితే, కింద ఉప్పు 40 అడుగులు పైకి రావాలి. మెరకవీధి గారి నూతిలో మట్టం ఏడు అడుగులు దిగింది. లెక్కలో చెప్పినంతా ఒక వేసవిలోనే జరగదు, ఇసుకలో నీరు నింపాదిగా కదులుతుంది కనుక. అయినా కొంత జరిగినా చాలు. రాయలసీమ నూతి కింద రాయి ఉంటుంది. మన నూతి కింద సముద్రం ఉంటుంది. తేడా అంతే.

బొండం నీళ్ళు (యానాం), మే 7

పాత బల్ల గారు చెప్పింది కళ్ళతో చూడాలని నిన్న రాత్రి మా పిల్లలతో చేయించాను. లీటరు నీటిలో 35 గ్రాముల కల్లుప్పు కరిగించి, రెండు చుక్కల నీలి సిరా వేశాము. పొడుగాటి గాజు గ్లాసులో సగం దాకా ఆ నీలి నీరు పోసి, దాని మీద గరిటె బోర్లించి పట్టుకుని, గరిటె వీపు మీదుగా మామూలు నీటిని సన్నని ధారగా జార్చాము. నీలం కింద, తెలుపు పైన, మధ్యలో గీత గీసినట్టు ఉండిపోయింది. పొద్దున్న లేచి చూస్తే గీత కాస్త మసకబారింది, అంతే.

అసలు వినోదం ఆ తరువాత జరిగింది. బొండం తాగే స్ట్రా ఒకటి తెచ్చి, పైపైన పెట్టి మెల్లగా పీలిస్తే తియ్యటి నీరే వచ్చింది. స్ట్రా కొసను గీతకు అరంగుళం పైన ఉంచి గట్టిగా పీల్చమంటే, కింది నీలి నీరు చిన్న పుట్టలాగా ఉబ్బి, స్ట్రా మూతిలోకి ఎక్కింది. పీల్చడం ఆపగానే పుట్ట కిందికి జారిపోయింది. మా రెండోవాడు ఉప్పు నీరు మింగి ముఖం చిట్లించాడు. మెరకవీధి గారు, మీ నూతిలో మోటారు ఉన్నదా? ఉంటే దాని గొట్టం కొస ఎక్కడ ఉంది?

మెరకవీధి, మే 7

ఉంది, ఒక హార్స్‌పవర్ మోటారు. ఫుట్‌వాల్వు అడుగుకు జానెడు పైన వేలాడుతోంది. నీరు తగ్గినా అందాలని మెకానిక్కు అలా దింపాడు. మామ్మగారు ఇప్పటికీ గిలక మీద చేదతో తోడుకుంటారు. ఇప్పుడు నాకు కొంచెం సిగ్గుగా ఉంది.

ఒప్పుకోను, మే 8

గ్లాసు ప్రయోగం బాగుంది, దూరం గురించిన నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. కాని కొత్త అభ్యంతరం ఒకటి ఉంది. పాత బల్ల గారి సూత్రం నిజమైతే, దాళ్వా రోజుల్లో నీటి మట్టం సముద్రానికి కనీసం ఒక మీటరు పైనే ఉంటుంది గదా. అప్పుడు 40 మీటర్ల దాకా తీపి ఉండాలి. 110 అడుగులంటే 33 మీటర్లే. ఆ బోరులో జనవరిలో కూడా ఉప్పు ఎందుకు? సూత్రం అవసరమైన చోట పనిచేసి, అవసరం లేని చోట సెలవు తీసుకుంటోందా?

దిబ్బ మీద ఇల్లు (నరసాపురం), మే 8

మంచి ప్రశ్న వేశారు. ఆ సూత్రం అడుగు దాకా ఒకే రకం ఇసుక ఉన్న చోటికి, నీరు స్థిమితపడిన తరువాతి స్థితికి చెప్పినది. నార్డర్నై దీవికి అది సరిపోయింది. మన కింద ఉన్నది ఇసుక, బంకమట్టి, మళ్ళీ ఇసుక, మళ్ళీ బంకమట్టి, పూతరేకుల మడతల్లాగా. దీనికి కారణం ఈ నేల పుట్టిన తీరు.

సుమారు 20 వేల ఏళ్ళ క్రితం, ప్రపంచమంతటా మంచు పేరుకుని ఉన్న రోజుల్లో, సముద్ర మట్టం ఇప్పటి కంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. మంచు కరిగిన కొద్దీ సముద్రం లోపలికి వచ్చింది. ఆరేడు వేల ఏళ్ళ క్రితం ఆ పెరుగుదల నెమ్మదించాక, గోదావరి తెచ్చిన ఒండ్రు పైచేయి సాధించి, తీరాన్ని కొంచెం కొంచెంగా సముద్రంలోకి నెట్టుకుంటూ పోయింది. తీరం ఆగిన చోటల్లా అలలు, గాలి కలిసి ఒక ఇసుక దిబ్బను పోశాయి. గోదావరి డెల్టా మ్యాపు తీసి చూడండి: నరసాపురం నుంచి అమలాపురం దిగువ దాకా ఎన్నో ఊళ్ళు, వాటిని కలిపే దారులు, కొబ్బరి తోటలు సముద్రానికి సమాంతరంగా వరుసలు తీరి ఉంటాయి. అవి ఒకనాటి సముద్రపు ఒడ్డులు. రెండు దిబ్బల నడుమ పల్లంలో వరి చేలు ఉంటాయి. అవి ఒకనాటి ఉప్పుకయ్యలు, మడ అడవులు.

ఇప్పుడు మీ బోరు సంగతి. ఆ పల్లాల్లో పేరుకున్న బంకమట్టి తనతో పాటు అప్పటి సముద్రపు నీటిని కూడా పట్టుకుంది. బంకమట్టిలోంచి నీరు కదలడం ఎంత కష్టమో వరి మడి దమ్ము చేసినవారికి చెప్పనక్కరలేదు. పైనుంచి ఇంకిన కాలువ నీరు మొదటి బంకమట్టి పొర దగ్గరే ఆగిపోతుంది. దాన్ని చీల్చుకుని మీ బోరు కిందికి వెళ్ళింది. మీరు తోడుతున్నది ఈనాటి సముద్రాన్ని కాకపోవచ్చు. కొన్ని వేల ఏళ్ళ నాటి సముద్రాన్ని అయి ఉండవచ్చు.

మామ్మగారి ఇల్లు మీ ఇంటి కంటే ఎత్తున ఉన్నదా?

మెరకవీధి, మే 8

ఉంది. వాళ్ళ వీధి పేరు మీదే నా పేరు పెట్టుకున్నాను. మెరకవీధి వాళ్ళది, మాది దాని వెనక సందు. వాళ్ళ పెరటి గోడను ఆనుకునే పంట బోదె (పొలాలకు నీరు తెచ్చే పిల్లకాలువ) పోతుంది. వానాకాలంలో మా సందులో మోకాలి లోతు నీళ్ళు నిలిచినా వాళ్ళ వాకిట్లో ముగ్గు చెరగదు.

వంటింటి తూకం (రాజమహేంద్రవరం), మే 10

ఇంతమంది నూతిలోకి దిగారు గాని, పప్పు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. శీర్షికలో ఉన్నది పప్పే గదా. రసాయనశాస్త్రం చదువుకున్నాను, ముప్పై ఏళ్ళుగా వంట చేస్తున్నాను, కనుక ఈ భాగం నాకు వదిలేయండి.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. పప్పు ఉడకకపోవడానికి ఉప్పు, అంటే సోడియం క్లోరైడు, కారణం కాదు. శనగలనో రాజ్మానో కాస్త ఉప్పు వేసిన నీటిలో నానబెడితే తొక్క ఇంకా మెత్తబడుతుంది. అడ్డుపడేవి కాల్షియం, మెగ్నీషియం. పప్పు గింజలోని కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే జిగురు పేరు పెక్టిన్. ఉడికినప్పుడు ఆ జిగురు కరిగి కణాలు విడిపోతాయి, మనం దాన్ని పప్పు మెదగడం అంటాము. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది పెక్టిన్ పోగుల మధ్య దూరి వాటికి ముడులు వేస్తుంది, జిగురు కరగదు. బూడిదగుమ్మడి ముక్కలను సున్నపు తేటలో నానబెట్టి మిఠాయి చేసేవారు ఇదే కిటుకును కావాలని వాడుకుంటారు. పాకంలో ఎంతసేపు మరిగినా ముక్క చెదరదు.

ఇక్కడ మెరకవీధి గారి అమ్మగారి గమనికకు నేను చేతులు జోడిస్తున్నాను. "ఉప్పదనం తగలక ముందే పప్పు ఉడకదు" అన్న మాటలో పెద్ద శాస్త్రం ఉంది. మంచినీటిలో ఎంతో కాలంగా నానిన బంకమట్టి రేణువులు తమ ఒంటి నిండా కాల్షియంను అంటించుకుని ఉంటాయి. ఉప్పు నీరు ఆ మట్టిలోకి ఎగబాకినప్పుడు, అందులోని సోడియం గుంపుగా వచ్చి, పాత కౌలుదారును లేపి కొత్త కౌలుదారు దిగినట్టు, ఆ కాల్షియంను వెళ్ళగొట్టి తాను కూర్చుంటుంది. వెళ్ళగొట్టబడిన కాల్షియం ఎక్కడికి పోతుంది? నీటిలోకే. అందువల్ల ఎగబాకే ఉప్పు నీటి ముందు వరుసలో, ఉప్పు ఇంకా తక్కువగా ఉండగానే, కాల్షియం హఠాత్తుగా పెరుగుతుంది. నాలుక పసిగట్టక ముందే పప్పు పసిగడుతుంది. మీ అమ్మగారి కుక్కర్ ఒక పరికరం.

నాలుకకు తెలియాలంటే ఎంత కలవాలో కూడా చెబుతాను. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడు ఉంటుంది. తాగే నీటికి మన దేశపు ప్రమాణం 250. పదిహేను లీటర్ల బిందెలో ఒక్క గ్లాసు, 200 మిల్లీలీటర్ల సముద్రపు నీరు పోస్తే చాలు, బిందె మొత్తం ఆ గీత దాటుతుంది.

లాకుల దగ్గర (పాలకొల్లు), మే 10

వంటింటి తూకం గారు, అయితే నా సందేహం కూడా తీర్చండి. మా ఇంటి బోరు నీరు ఉప్పగా ఉండదు, చప్పగా, నాలుకకు పట్టినట్టు ఉంటుంది. దానితో పప్పు మూడో విజిల్‌కే గుజ్జయిపోతుంది. స్నానం చేస్తే మాత్రం ఎన్ని చెంబులు పోసుకున్నా సబ్బు జారుడు వదలదు. ఇది ఏ జబ్బు?

వంటింటి తూకం, మే 10

జబ్బు కాదు, మెరకవీధి గారి కథకు అద్దంలో బొమ్మ. మీ బోరు ఉన్న పొరలో ఒకప్పుడు ఉప్పు నీరు ఉండి, తరువాత మంచినీరు వచ్చి దాన్ని తోసేసి ఉంటుంది. ఈసారి కౌలుదారులు తారుమారయ్యారు: మంచినీటిలోని కాల్షియం మట్టికి అంటుకుని, మట్టిలోని సోడియం నీటిలోకి దిగింది. మిగిలింది సోడియం బైకార్బొనేటు నీరు, అంటే పల్చటి వంటసోడా నీరు. పప్పులో చిటికెడు వంటసోడా వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. కాల్షియం లేదు కనుక సబ్బు తెట్టు కట్టదు, చర్మం మీద జారుడు పోదు. రక్తపోటు ఉన్నవారు ఇంట్లో ఉంటే మాత్రం ఆ నీటిని ఒకసారి పరీక్ష చేయించండి. అందులో సోడియం తక్కువేమీ ఉండదు.

గౌతమి లంక (ముమ్మిడివరం), మే 12

మా అనుభవం ఒకటి చెప్పాలనిపించింది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు మా మేనత్తగారి ఊళ్ళో ఉప్పెన నీరు నూతుల్లోకి పోయింది. తరువాత నెల రోజులూ ఊరంతా ఇంజన్లు పెట్టి నూతులు తోడింది. ఎంత తోడితే అంత ఉప్పు ఊరింది. నూతిలో దయ్యం ఉందని కూడా అన్నారు. విసిగి వదిలేసిన ఒకటి రెండు నూతులే రెండో ఏటి వానలకు ముందుగా తియ్యబడ్డాయి. ఇప్పుడు బొండం నీళ్ళు గారి స్ట్రా సంగతి చదివాక, దయ్యం మా ఇంజన్లోనే ఉందని అర్థమైంది.

పాత బల్ల, మే 12

2004 సునామీ తరువాత శ్రీలంక తూర్పు తీరంలోనూ అచ్చంగా ఇదే జరిగింది. సాయం చేయడానికి వచ్చినవారు నూతులను పదే పదే ఖాళీ చేయించగా, కొన్ని చోట్ల కింది ఉప్పు పైకి లేచి పరిస్థితి ఇంకా చెడింది. ఒకసారి మురికి తోడేసి, ఆ తరువాత వానలకు వదిలేయడమే మేలని తరువాత తేల్చారు.

కాలువ గట్టు, మే 13

ఉప్పు పక్క నుంచి అసలు రాదనే అభిప్రాయం ఎవరికీ కలగకూడదు. ఏటి పాయల్లోనూ మురుగు కాలువల్లోనూ అది రోజుకు రెండుసార్లు పోటుతో వస్తుంది. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీరంతా ఆపుకుంటాము కనుక, దిగువన ఏటిలో ఎదురు తోసే నీరు ఉండదు. మలికిపురం ప్రాంతంవారికి శంకరగుప్తం డ్రెయిన్ సంగతి నేను చెప్పనక్కరలేదు. పోటు నీరు ఎగదన్ని దాని వెంట కొబ్బరి తోటలు తలలు రాలి మోడులుగా నిలిచాయి. తాటాకు పందిరి గారి చెరువు కూడా ఇదే జాతి: పైన నిలబెట్టిన ఉప్పు నీరు కిందికి, పక్కకు ఊరుతుంది. మెరకవీధి గారి నూతిది ఆ జాతి కాదు, అంతవరకే నా మాట.

మెరకవీధి, మే 17

ఇంతమంది ఇన్ని చెప్పాక ఊరికే కూర్చోలేకపోయాను. ఒక సీసాకు రాయి కట్టి, బిరడాకు వేరే తాడు కట్టి, కావలసిన లోతుకు దింపాక బిరడా లాగి నీళ్ళు పట్టాను. చేతిలో పట్టే టీడీఎస్ మీటరు ఒకటి తెప్పించుకున్నాను; లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో అది చూపిస్తుంది. నూతిలో నీరు ఏడడుగులు ఉంది. పైన అడుగు లోతులో 640, మధ్యలో 710, అడుగున 2150. మధ్యకూ అడుగుకూ నడుమ ఉన్న తేడా చూసి మళ్ళీ రెండుసార్లు కొలిచాను, అదే వచ్చింది. సముద్రపు నీటికి ఇది 35,000 దాకా ఉంటుందట. అంటే మా నూతి అడుగున ఉన్నది సముద్రం కాదు, దాని నీడ. నా ఫుట్‌వాల్వు సరిగ్గా ఆ నీడలో కూర్చుని ఉంది.

మామ్మగారి నూతిలో పైనా కిందా 400 లోపే. నేను సీసా దింపుతుంటే ఆవిడ "నూతికి జ్వరం చూస్తున్నావా?" అని అడిగారు.

దిబ్బ మీద ఇల్లు, మే 17

ఫుట్‌వాల్వును పైకి లాగండి. ఒక ఖాళీ ప్లాస్టిక్ డబ్బాను తేలేటట్టు కట్టి, దాని కింద రెండడుగుల్లో వాల్వు వేలాడేటట్టు చేసి, గట్టి గొట్టం బదులు వంగే గొట్టం వేయించండి. నీటి మట్టంతో పాటు అదీ దిగుతుంది, ఎక్కుతుంది. ట్యాంకు ఒక్కసారిగా నింపకుండా పావుగంట చొప్పున నాలుగు విడతలుగా తోడండి.

ఇది కొత్త సంగతి కాదు. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల తీరపు ఇసుక నేలల్లో రైతులు బోర్ల జోలికి పోకుండా "దొరువు" తవ్వేవారు: వెడల్పుగా, లోతు తక్కువగా, పైపైన ఊరే తీపి నీటిని మాత్రమే కడవలతో ముంచుకునే గుంట. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు దాన్నే మెరుగుపరిచి, మధ్యలో ఒక చిన్న నుయ్యి, దాని చుట్టూ ఇసుకలో అడ్డంగా పరిచిన చిల్లుల గొట్టాలు పెట్టారు. నిలువుగా తోడే బదులు అడ్డంగా మీగడ తీసినట్టు తీయడమన్న మాట.

ఒప్పుకోను, మే 18

ఒప్పుకున్నాను. ఒక్క షరతు: గొట్టం మార్చాక కూడా కొలతలు పెట్టండి. ఆ నెలలోనే వాన పడి నీరు తియ్యబడితే ఘనత డబ్బాకు పోతుంది.

మెరకవీధి, జూన్ 22

ఒప్పుకోను గారి షరతు ప్రకారం వాన పడక ముందు కొలతలే ముందు చెబుతాను. మే 20న గొట్టం మార్చాము. ఖాళీ నూనె డబ్బా తేలుతూ ఉంటే పిల్లలు దాన్ని బాతు అంటున్నారు. మే 29న కుళాయిలో 660. అంతకు ముందు అదే కుళాయిలో 1800 ఉండేది. ఆ రోజు కందిపప్పు ఐదు విజిల్స్‌కు మెదిగింది గాని, అమ్మ "ఇంకో విజిల్ పడితే బాగుండేది" అంది. అడుగున సీసా నీరు 2100, పెద్దగా మారలేదు. బోరుకు మూత బిగించేశాను.

జూన్ రెండో వారంలో మా బోదెకు నీరు వచ్చింది. వచ్చిన ఆరో రోజుకే మామ్మగారి నూతిలో మట్టం రెండడుగులు లేచింది. మాకు అది చేరడానికి మరో నాలుగు రోజులు పట్టింది. నిన్న మా నూతిలో నీటికి 7 అడుగులు, పైన 520, అడుగున 1400. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి వంటింట్లో అంటించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, మీటరు పక్కన పెట్టి, ముందు ఒక గుప్పెడు పప్పు వేసి చూస్తానంది.